వాగు దాటని గీత

షామ్‌బర్గ్, ఇల్లినాయ్
అక్టోబర్ 19, 2025, ఆదివారం

చిరంజీవి వేదకు,

నళిని అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ, ఫణీ, హాసినీ, మా అత్తగారూ అందరం కులాసా. నువ్వూ అలాగే ఉండాలని దేవుణ్ణి కోరుకుంటున్నాను. ఉత్తరమన్నాక ముందు ఈ నాలుగు ముక్కలూ రాసి తీరాలని మా అత్తగారు జ్ఞానప్రసూనగారు పక్కనే కూర్చుని మరీ చెప్పారు. విజిటర్ వీసా మీద వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నా వంట, నా కారు పార్కింగ్ అన్నీ చక్కదిద్దుతున్నారు. ఇప్పుడు ఉత్తరం వంతు వచ్చింది. నీ హెచ్-వన్ ఈ నెల నుంచి అమల్లోకి వచ్చిందని విని అందరం సంతోషించాం. ఆవిడైతే దేవుడి దగ్గర దీపం పెట్టి, ఇక ఆ పిల్లకి పెళ్ళి సంబంధం చూడొచ్చు అన్నారు. నువ్వు జాగ్రత్తగా ఉండు.

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ కాగితాలేమిటని నవ్వుకుంటావు. ఆల్డర్ ఫోర్క్ ఊరి నీళ్ళ స్టడీ గవర్నమెంట్ గ్రాంట్ మీద నడిచే పని. దాని గురించి నీ ఆఫీసు అడ్రసుకి రాసే ప్రతి ఈమెయిలూ రేపు ఎవరైనా అడిగి తీసుకుని చదవచ్చు. ఇప్పుడు నేను చెప్పబోయేది అలా చదవదగ్గది కాదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో అక్కా, ఆర్ యూ ఓకే అంటావు, నాకు నోరు పెగలదు. అందుకే తెలుగులో, చేత్తో రాస్తున్నాను.

ఆ ఊరి సంగతి నా హ్యాండోవర్ నోట్స్‌లో ఉంది. జార్జియా కొండల్లో చిన్న ఊరు, ఏటేటా ఎండుతున్న బోర్లు, తుప్పు పట్టిన ట్యాంకు. రాబోయే ఇరవై ఏళ్ళకి నీళ్ళు ఎక్కడి నుంచి తేవాలో తేల్చి చెప్పమని స్టేట్ ఇచ్చిన గ్రాంట్. నేను వదిలేసి వచ్చిన ఆ పని ఇప్పుడు నీ నెత్తిన పడింది. కొత్తగా వీసా వచ్చినదానివి, వద్దని అనలేవని నాకు తెలుసు.

నోట్స్‌లో లేని మాటలు కొన్ని చెబుతాను. ఇలాంటి స్టడీ బాగా నడవాలంటే మొదలే బాగుండాలి. మొదట్లో తప్పిన అడుగును చివర్లో ఏ రిపోర్టూ సరిచేయలేదు. పైపుల మాట అప్పుడే ఎత్తకు. అందరూ జవాబు చేతిలో పెట్టుకునే వస్తారు. మేయర్ డోనా అయితే కొత్త బోరు ఎక్కడ వేయాలో వేలు పెట్టి మరీ చూపిస్తుంది. పెళ్ళికొడుకు దొరక్కముందే శుభలేఖలు అచ్చేయించే రకం ఆమె. నువ్వు తొందరపడకుండా అసలు కష్టమేమిటో వాళ్ళ నోటితోనే చెప్పించు. స్టేట్ నుంచి వచ్చే ప్రోగ్రాం మేనేజర్‌ని ఆ మాటలు జరిగేటప్పుడు అదే గదిలో కూర్చోబెట్టు. తర్వాత నేను వినలేదనడానికి ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం మ్యాప్ మీద స్టడీ ఏరియా గీత. ఆ గీత లోపలివాళ్ళ దాహమే మనకు దాహం. బయటున్న వీధికి ప్లాన్ ఉండదు. ప్లాన్‌లో లేనిదానికి తర్వాత ఏ ఫండూ రాదు, పైపు ఎన్నటికీ రాదు. వచ్చే శుక్రవారం నువ్వు స్టడీ ఎంతవరకో రాసిన స్కోప్ కాగితాల మీద సంతకాలు తీసుకోబోతున్నావు. ఆ గీత ఇప్పటికి ఊరి చివర వాగు దగ్గర ఆగిపోయి ఉంది. దాన్ని వాగు దాటించమని బతిమాలుకోవడానికే ఈ ఉత్తరం.

ఎందుకో చెబుతాను. చదివేదాకా నన్ను పిచ్చిదాన్ని అనుకోకు.

జూన్‌లో మొదటిసారి సైట్ చూడటానికి వెళ్ళాను. డోనా తన పికప్ ట్రక్కులో ఊరంతా తిప్పి, వాగు మీది వంతెన దగ్గర బండి వెనక్కి తిప్పింది. అవతల ఏముందని అడిగాను. లోయర్ బెండ్, అక్కడ ఎవరూ ఉండరు హనీ, అంది. ఆమె నన్ను నా కారు దగ్గర దింపి వెళ్ళాక, నేనొక్కదాన్నే మళ్ళీ వచ్చి వంతెన దాటాను. మన ఉద్యోగాల జబ్బే అది. ఏమీ లేదన్న చోటే ఏదో ఉందనిపిస్తుంది.

మిట్టమధ్యాహ్నం. ఎండ పెళపెళలాడుతోంది. వంతెన దాటగానే వాగు చప్పుడు ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే నీళ్ళు పారుతూనే ఉన్నాయి. మట్టిదారికి అటూ ఇటూ చెక్క ఇళ్ళు, ప్రతి ఇంటి మెట్ల మీదా మనుషులు. పెద్దవాళ్ళు, పిల్లలు, చంకన బిడ్డతో ఒకావిడ. ఒక్కొక్కరి పక్కనా ఒక్కో బకెట్టు. బకెట్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. పిల్లలు అల్లరి చేయడంలేదు. ఎవరో ఇప్పుడే పిలుస్తారన్నట్టు అందరూ దారివైపే చూస్తున్నారు.

గంజిపెట్టిన గౌను వేసుకున్న ఒక ముసలావిడ నన్ను పిలిచి కూర్చోమంది. పేరు మిస్ ఓడెల్ అని చెప్పింది. నేను కూర్చోగానే ఆవిడ లేచి, గ్లాసు తీసుకుని, అందులోకి చూసి మళ్ళీ కింద పెట్టేసింది. గుమ్మంలోకి వచ్చినదానివి, మంచినీళ్ళయినా ఇవ్వలేకపోతున్నానని నొచ్చుకుంది. అచ్చం మా అమ్మ అనాల్సిన మాట. నీళ్ళెప్పుడొస్తాయి అని అడిగింది తర్వాత. నీలాగే మ్యాపులు పట్టుకుని ఇంతకుముందూ వచ్చారు, నేలలో పుల్లలు పాతి రిబ్బన్లు కట్టి పోయారు అంది. వాళ్ళేమన్నారని అడిగాను. ఏమీ అనలేదు, అదే మా బాధ అంది.

నాకు తెలిసినదంతా చెప్పాను. ఇప్పుడే పని మొదలవుతోంది, ముందు స్టడీ, ఆ తర్వాత డిజైన్, ఓపిక పట్టాలి అని. మెట్ల మీదివాళ్ళంతా వింటున్నారు. అంతసేపూ ఒక్కరూ రెప్ప వేయలేదు. అది అప్పుడు చూశాను గానీ, మర్నాటిదాకా బుర్రకెక్కలేదు.

లేచి వచ్చేటప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. మన ఇళ్ళల్లో గుమ్మం దాటుతూ వెళ్తానంటే ఊరుకుంటారా? వెళ్ళొస్తాననాలే అని కసురుతారు. ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయినా నాకు ఇంగ్లీషులోనూ అదే వస్తుంది. ఐ విల్ గో అండ్ కమ్ అంటానని ఆఫీసులో మీరంతా నన్ను ఏడిపించేవాళ్ళు. అక్కడా అదే అన్నాను. మిస్ ఓడెల్ నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది. ఇంతవరకూ వచ్చినవాళ్ళెవరూ మళ్ళీ వస్తామనలేదు, నువ్వు వస్తావా అని అడిగింది. వస్తానన్నాను. దారికి రెండువైపులా అందరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

ఇంటికొచ్చి ఈ కబురంతా మా అత్తగారికి చెప్పాను. ఆవిడ బెండకాయలు తరుగుతూ వింటున్నారు. ఆ ఇళ్ళల్లో ఎక్కడైనా పొయ్యి వెలిగిందా అని అడిగారు. లేదన్నాను. ఏ బిడ్డయినా ఏడ్చిందా? లేదు. ఆవిడ కత్తి కింద పెట్టేశారు. పొయ్యి వెలగని ఇల్లంటే చావిల్లే, అక్కణ్ణుంచి వచ్చేటప్పుడు చెప్పాపెట్టకుండా రావాలని చంటిపిల్లలకి కూడా తెలుసు, అలాంటి చోట వెళ్ళొస్తానని చెప్పొచ్చావా, నీ ఇంగ్లీషు మండిపోనూ, అన్నారు.

నేను పకపకా నవ్వాను. మర్నాడు ఆఫీసులో ఆ చోటుని ఆకాశం నుంచి తీసిన ఫోటోలు తెరిచి చూస్తే నవ్వు ఎగిరిపోయింది. లోయర్ బెండ్‌లో ఇళ్ళు లేవు. చెట్లు, పొదలు, అక్కడక్కడ కూలిన పొగగొట్టాలు.

డోనాకి ఫోన్ చేశాను. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ చిన్నప్పుడు వాగు అవతలి బావి చెడిపోయిందట. ఇంటింటికీ జ్వరం పాకింది. ఊళ్ళో అప్పటికే పైపులు వేశారు, వంతెన దాకా వచ్చి ఆపేశారు. అవతలివాళ్ళు వచ్చి అడిగినప్పుడల్లా వచ్చే ఏడు చూద్దామన్నారు. అలా అంటూ ఉండగానే అవతల అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ఇది ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోరు, నీకెవరు చెప్పారని ఆమె నన్నే తిరిగి అడిగింది.

జులైలో ఫైర్ స్టేషన్ హాల్లో మొదటి మీటింగ్ పెట్టాం. డోనా, స్టేట్ ప్రోగ్రాం మేనేజర్, ఊళ్ళోవాళ్ళు కొందరు. కిటికీల్లోంచి బోలెడంత ఎండ. ఖాళీగా ఉండాల్సిన వెనక వరసలో వాళ్ళు కూర్చుని ఉన్నారు, ఒళ్ళో బకెట్లతో. ఇంకేమైనా ప్రశ్నలున్నాయా అని డోనా అడిగింది. ఎవరూ మాట్లాడలేదు, కానీ నీళ్ళెప్పుడొస్తాయన్న గొంతు నా చెవిలో పడింది. నేను గట్టిగా, త్వరలోనే అని జవాబు చెప్పాను. అందరూ వెనక్కి తిరిగి ఖాళీ కుర్చీలు చూసి, నన్ను చూశారు. ప్రోగ్రాం మేనేజర్ దగ్గి కాగితాలు సర్దుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను వేదా. అందరూ వెళ్ళాక ఆ కుర్చీలు ముట్టుకుని చూస్తే మంచులా ఉన్నాయి.

ఆ తర్వాత వాళ్ళు మా ఇంటికే వచ్చారు. నాకు కనిపించలేదు. హాసినికి కనిపించారు.

ఒక సాయంత్రం పెరట్లో కొళాయి పారుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే హాసిని తన బర్త్‌డే పార్టీకి తెచ్చిన ప్లాస్టిక్ కప్పుల్లో నీళ్ళు పట్టి మెట్ల మీద వరసగా పెడుతోంది. ఎవరికే అని అడిగాను. అమ్మా, దే ఆర్ సో థర్‌స్టీ, నువ్వు ప్రామిస్ చేశావ్ అంట కదా, అంది. నేను చూస్తూండగానే కప్పులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఒలకలేదు, ఎవరూ ఎత్తలేదు. పొయ్యి మీద పెట్టి కాచినట్టు ఎండిపోయాయి.

కప్పులతో ఆగి ఉంటే బాగుండేది. హాసినికి మేం ఎన్ని నీళ్ళు తాగించినా పెదాలు పగిలిపోయేవి, నాలుక పిడచకట్టుకుపోయేది. నీళ్ళు తాగావా అంటే తాగాను, నాది వాళ్ళకిచ్చేశాను అనేది. డాక్టర్ షుగర్ చూశాడు, కిడ్నీలు చూశాడు, అన్నీ నార్మలే అన్నాడు. ఆగస్టు చివర్లో స్కూల్లో కళ్ళు తిరిగి పడిపోయింది. సెలైన్ ఎక్కించారు. సీసా అయిపోయింది, నా బిడ్డ ముఖం మాత్రం వాడిపోయినట్టే ఉంది. తల్లినై ఉండి గుక్కెడు నీళ్ళు ఒంట పట్టించలేకపోయాను. అప్పుడు నేను పడ్డ భయం పగవాళ్ళకి కూడా వద్దు.

మా అత్తగారు ఊరుకుంటారా? పెరట్లో దక్షిణానికి తిరిగి, నువ్వులూ నీళ్ళూ వదిలి దణ్ణం పెట్టారు. గోత్రాలు తెలియవు, పేర్లు తెలియవు, ఓడెల్ గోత్రమని చెప్పనా అని నన్నే విసుక్కున్నారు. ఆ కష్టంలోనూ ఫణికి నవ్వొచ్చింది. దానివల్ల ఏమీ జరగలేదు. వాళ్ళకి కావలసినవి మనం వదిలే నీళ్ళు కావే, నువ్విచ్చిన మాట, అది తీర్చు అన్నారు చివరికి.

తీర్చడానికే మళ్ళీ వెళ్ళాను. కారు నిండా మంచినీళ్ళ బాటిళ్ళు పెట్టుకుని వెళ్ళాను, చూడు నా తెలివి! మిస్ ఓడెల్ వాటిని చూసి, చంటిపిల్ల మట్టితో చేసిన లడ్డూ తెచ్చిస్తే పెద్దవాళ్ళు చూసినట్టు చూసింది. మేం అడిగింది ఇది కాదమ్మా, మమ్మల్ని కూడా లెక్కలో వేసుకోమన్నాం, మీ గీత మా గుమ్మాల దాకా రావాలి అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపముంటే ఎదురు తిరిగేదాన్ని.

గీత మార్చమని అడిగాను. డోనా ససేమిరా అంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగినా ఒప్పుకోలేదు. ఊళ్ళోవాళ్ళు ఆ పాత కథ తవ్వుకోవాలని ఆమెకి లేదు. ప్రోగ్రాం మేనేజర్ మర్యాదగానే, అక్కడ ఎంతమంది ఉన్నారని అడిగాడు. ఎవరూ లేరన్నాను. మరి నీళ్ళెవరికి అన్నాడు.  కానీ ఒక్క మాట ఆలోచించు వేదా. ఇరవై ఏళ్ళ తర్వాత పుట్టబోయేవాళ్ళకి ఎన్ని నీళ్ళు కావాలో మనం లెక్క కడతాం. వాళ్ళని ఎవరూ చూడలేదు, వాళ్ళు ఎవరినీ అడగలేదు. అడిగి అడిగి చచ్చిపోయినవాళ్ళు మాత్రం మన లెక్కలోకి రారు. ఇదెక్కడి న్యాయం?

సెప్టెంబర్లో ఫణికి ఇక్కడి ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఉద్యోగం మానేసి సామాను కట్టుకుని వచ్చేశాం. ఇప్పుడు హాసిని బాగుంది. ఇంతింత గ్లాసులతో నీళ్ళు తాగుతోంది, బుగ్గలు వచ్చాయి, నిన్న పక్కింటి పిల్లతో జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకుంది కూడా. జార్జియా నుంచి ఇంత దూరం వాళ్ళు రాలేకపోయారని అందరికీ చెబుతున్నాను.

ఇక నువ్వు చేయాల్సింది విను. నేను భయంలో తొందరపడి అడిగాను, అందుకే పని చెడింది. నువ్వు నెమ్మదిగా అడుగు. వాగు అవతల స్థలం కొంత అమ్మకానికి పెట్టారు. రేపు అక్కడ ఇళ్ళు రావచ్చు, ఇప్పుడే గీత లోపలికి తీసుకుంటే మళ్ళీ స్టడీ చేయనక్కరలేదని చెప్పు. అది అబద్ధం కాదు. ప్రోగ్రాం మేనేజర్‌కి కావలసింది రిపోర్టులో రాసుకోవడానికి ఒక కారణం, అంతే. డోనాని మాత్రం మీటింగ్‌లో అడగకు. విడిగా, ఆమె వంటింట్లో కూర్చుని, వాళ్ళ అమ్మమ్మ గురించి అడుగు. ఆమె చెడ్డ మనిషి కాదు. మొదట ఏడుస్తుంది, తర్వాత ఒప్పుకుంటుంది. శుక్రవారంలోగా ఇది జరగాలి. సంతకాలయ్యాక గీత కదలదు.

నీ మీద నాకు నమ్మకముంది. నాకన్నా నిదానమైనదానివి, పైగా నీ మాట ఎవరూ తీసిపారేయలేరు. వేళకి తిను. ఒంటరిగా ఉన్నానని దిగులు పెట్టుకోకు.

ఇట్లు,
నీ మంచి కోరే
నళిని అక్క

తా.క.: కవరు అంటించబోతుంటే అత్తగారు అంతా చదివి, అసలు సంగతి రాయకుండా ఆ పిల్లకి పంపితే నీకు పుట్టగతులుండవని ఉత్తరం మళ్ళీ నా చేతిలో పెట్టారు. రాస్తున్నాను. వాళ్ళు ఆగింది దూరం వల్ల కాదు వేదా. హాసిని తేరుకున్నది షామ్‌బర్గ్ వచ్చాక కాదు, పని అప్పగించే ముందు నిన్ను నేను సైట్ చూపించడానికి తీసుకెళ్ళిన రోజు సాయంత్రమే. ఇచ్చిన మాట తీర్చలేనివాళ్ళు, తీర్చేవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి చూపించాలట, అప్పుడు వదిలేస్తారట. అత్తగారు ఆ ముక్క చెప్పినప్పుడు నేను హాస్పిటల్లో హాసిని మంచం పక్కన కూర్చుని ఉన్నాను. ఇంకేమీ ఆలోచించలేదు. మనిద్దరం వంతెన అవతల నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. నీకక్కడ పొదలూ, కూలిన పొగగొట్టాలూ తప్ప ఇంకేమీ కనిపించలేదు. నేను అటు తిరిగి మాట్లాడుతుంటే ఎవరితో అక్కా అన్నావు, ఫణి ఫోన్లో ఉన్నాడన్నాను. ఫోన్ కార్లోనే ఉంది. మొన్న మాట్లాడినప్పుడు ఎంత తాగినా దాహం తీరడం లేదు, ఏసీ పడలేదేమో అన్నావు. ఏసీ కాదమ్మా. ఆ రోజు మెట్ల మీదివాళ్ళందరూ నీ ముఖం చూడటానికి లేచి నిలబడ్డారు. మిస్ ఓడెల్ నీ పేరేమిటని అడిగింది. మొదట ఆవిడకి నోరు తిరగలేదు. సరిగ్గా పలకడం వచ్చేదాకా నేనే దగ్గరుండి నేర్పాను.